సావిడిని నిలబెట్టేది సున్నమే

(కోనసీమలో రైతులు, తాపీ మేస్త్రులు, పాలిటెక్నిక్ విద్యార్థులు కలిసిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి.

ముందు వరసలో పెద్దవాళ్లున్నారు, వెనక పిల్లలున్నారు, ఆ చివర పని మధ్యలోంచి తాపీలు పట్టుకునే వచ్చిన మేస్త్రులున్నారు. అందరికీ పనికొచ్చేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను. అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మన డెల్టాలో నీరు ఎప్పుడూ కాళ్ల కిందే ఉంటుంది. నాలుగు గడ్డపార పోట్లు వేస్తే తడి తగులుతుంది. ఇక్కడ కట్టిన పాత గోడ ఏదైనా ఆ నీటిని కొంత తాగుతుంది, తాగినదాన్ని గాలికి వదిలేస్తుంది. మట్టి, సున్నం, ఇటుక, తాటి కలపతో కట్టినవాళ్లు ఆ రాకపోకలకి అడ్డం లేకుండా కట్టారు. మనం రిపేరు పేరుతో సిమెంటు పూసి నీరు బయటికొచ్చే దారి మూసేస్తున్నాం. పాత సావిళ్లు, అంటే గొడ్లకీ ధాన్యానికీ కట్టుకున్న కొట్టాలు, కూలిపోతున్నాయంటే వయసు కంటే ఈ రిపేర్లే ఎక్కువ కారణమని నా నమ్మకం. ఆ నమ్మకం ఎందుకు కలిగిందో, సరైన రిపేరు ఎలా ఉంటుందో చెప్పడానికే వచ్చాను.

ఎడ్లు ఉన్నన్నాళ్లూ సావిడి మీద మనిషి కన్ను ఉండేది. తెల్లారగట్ల కుడితి పెట్టడానికో పాలు పితకడానికో లోపలికెళ్లిన మనిషి ఓసారి పైకి చూసేవాడు. పెంకు జరిగి వెలుతురు కనిపిస్తే ఆ పూటే సర్దించేవాడు. ట్రాక్టర్లొచ్చి ఎడ్లు పోయాయి. కోత మిషన్లొచ్చి కళ్లాలు పోయాయి. ధాన్యం చేలోంచి నేరుగా లారీ ఎక్కుతుంటే కొట్టుగది దేనికి? సావిడి కాస్తా కొబ్బరి డొక్కలు, విరిగిన నాగళ్లు, పాత మంచాలు పడేసే చోటైపోయింది. లోపలికెళ్లే మనిషి లేకపోతే జారిన పెంకుని చూసేవాడూ ఉండడు. ఆ సందులోంచి రెండు వర్షాకాలాలు నీళ్లు కారితే వాసం పుచ్చుతుంది. వాసం కుంగితే పక్కన పది పెంకులు జారతాయి. ఆ తర్వాత ఎవరో కలప వ్యాపారి వచ్చి దూలాలకీ ద్వారబంధాలకీ బేరం పెడతాడు. మిగిలిన గోడల్ని పొక్లెయిన్‌తో తోసేస్తే మధ్యాహ్నానికల్లా చదును. ఇలా పోయినవి మన మండలాల్లో ఎన్నో మీకు నాకంటే బాగా తెలుసు. నాకు దానిమీద బాధే కాదు, కోపం కూడా ఉంది. వాటిలో చాలావాటిని తక్కువ ఖర్చుతో నిలబెట్టి ఉండేవాళ్లం.

మా మావయ్యగారి సావిడి పని దగ్గరుండి చేయించాను కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. అంబాజీపేట దాటి లోపలికెళ్తే పంటకాలువ గట్టు పక్కన ఉంటుంది. వందేళ్లు పైబడిన కట్టడం. పొడుగాటి గొడ్లశాల, దాని తూర్పు కొసన నేలకి ఎత్తుగా ధాన్యం కొట్టు, ముందువైపు వసారా. కిటికీ మట్టం దాకా సున్నంతో కట్టిన ఇటుక, ఆపైన మట్టితో కట్టిన ఇటుక. ఇటుకలు ఇప్పటివాటి కంటే పల్చన. పైన టేకు దూలాలు, తాటి వాసాలు, నాటు పెంకులు. ఆ టేకు ఏజెన్సీ అడవుల నుంచి గోదావరి మీద తెప్పలు కట్టి రాజమండ్రికి తెచ్చిన రోజుల నాటిది. మిగతాదంతా దగ్గర్లో దొరికిందే. ఇటుక ఒండ్రు మట్టి. పెంకు కుమ్మరి చేసినది. సున్నం తీరం నుంచి తెచ్చిన గుల్లలు కాల్చినది. తాడి చేను గట్టుది. డెల్టాలో రాయి లేదు కదండీ. రాయి లేని చోట మనవాళ్లు దేనితో కట్టుకున్నారో ఆ ఒక్క సావిట్లో మొత్తం చూడొచ్చు.

మేము పని మొదలుపెట్టేసరికి పడమటి సగం కప్పు లోపలికి పడిపోయి ఉంది. ఉత్తరపు గోడ మీద రావి మొక్క మనిషెత్తు పెరిగింది. గోడలకి కింద నడుమెత్తు వరకు సిమెంటు పూత. చాన్నాళ్ల కిందట గోడ చెమ్మెక్కుతోందని పిలిస్తే ఒక కాంట్రాక్టరు వచ్చి లోపలా బయటా పూసి వెళ్లాడట. పూత పైకి చక్కగానే ఉంది, పెద్దగా పగుళ్లు కూడా లేవు. సుత్తితో మెల్లిగా తట్టుకుంటూ వెళ్తే కొన్నిచోట్ల గట్టిగా, చాలాచోట్ల డొల్లగా మోగింది. డొల్లగా మోగిన చోట ఉలి పెట్టి లేపితే తలుపు రెక్కంత పలక ఒక్కసారిగా ఊడి వచ్చింది. వెనకాల ఇటుక ముఖాలు లేవు. ఎర్రటి పొడి ఉంది. వేలు పెడితే రెండో కణుపు దాకా దిగింది. ఆ పొడి మీద తెల్లటి నూగు, నాలిక్కి తగిలిస్తే ఉప్పగా ఉంది. అక్కడక్కడా ఇటుక కరిగిపోయి, చుట్టూ ఉన్న పాత సున్నం మాత్రం గళ్లు గళ్లుగా నిలబడి ఉంది. ఆ గోడ బరువంతా లోపలి సగం ఇటుక మీదే ఆగింది. పైన, పూత లేని చోట, అదే వయసు ఇటుక గోరుతో గీకినా రాలలేదు.

ఇక్కడ పిల్లలు కొంచెం జాగ్రత్తగా వినాలి. గోడ అడుగు నుంచి ఎక్కే నీటిలో నేల ఉప్పు కలిసి ఉంటుంది. సముద్రం దగ్గరైన ఊళ్లలో అది మరీ ఎక్కువ. పక్కన రొయ్యల చెరువు తవ్వితే ఇంకా ఎక్కువ. గొడ్లు కట్టిన చోటైతే ఏళ్ల తరబడి నేలలోకి ఇంకిన మూత్రం వల్ల సురేకారం కూడా పేరుకుంటుంది. ఒకప్పుడు తుపాకిమందుకి కావలసిన సురేకారం కోసం ఉత్తరాదిలో పశువులు తిరిగే చోట మట్టిని గీకి కరిగించేవారు. నీరు ఆరిపోతుంది గానీ ఉప్పు ఆరదు. నీరు ఎక్కడ ఆవిరవుతుందో అక్కడే పలుకులు కట్టి, ఉబ్బి, చుట్టూ ఉన్నదాన్ని పగలగొడుతుంది. గోడకి సున్నపు పూత ఉంటే ఆ పలుకులు చాలావరకు పూతలోనే కడతాయి. పూత రాలుతుంది. కొన్నేళ్లకి గీకేసి మళ్లీ పూసుకుంటాం, ఇటుక భద్రం. సిమెంటు పూత ఉంటే నీరు ఆ పక్కకి సులువుగా రాలేదు. చెమ్మ ఇంకా పైకి ఎగబాకుతుంది, ఉప్పు పూత వెనకాల ఇటుక ఒంట్లో పలుకులు కడుతుంది. తడి ఆరని ధాన్యాన్ని గోతాల్లో కుట్టేసి పేరిస్తే ఏమవుతుందో ఇక్కడున్న రైతులకి నేను చెప్పక్కర్లేదు. గోతం పైకి బాగానే ఉంటుంది.

చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోకుండా గోడ మీద చెయ్యి వెయ్యకూడదు. మేము చెమ్మ ఎక్కిన మట్టాన్ని బొగ్గుతో గీసి తేదీ రాసి పెట్టాం. వేసవిలో కాలువలకి నీళ్లు కట్టేశాక గీత దిగింది. జూన్‌లో నీళ్లు వదిలి నాట్లు మొదలయ్యాక మళ్లీ ఎక్కింది. అంటే కింద నుంచి వచ్చేది కాలువ ఊట, అది ఎలాగూ ఉంటుంది. కానీ వీధి వైపు గోడకి ఆ గీత ఏడాది పొడుగునా ఒకే చోట ఉంది. తవ్వి చూస్తే కారణం దొరికింది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది పోస్తారు కదా, వీధి మట్టం సావిడి అరుగు కంటే పైకొచ్చేసింది. వాన నీళ్లు గోడకే ఆనుకుని నిలుస్తున్నాయి. గోడ పక్కన పేరుకున్న మట్టిని పాత అరుగు అంచు బయటపడేదాకా తీసేసి, వారగా కాలువ తవ్వి, ఇటుక ముక్కలు నింపి, వాలు చూసి పంటబోదెలోకి వదిలాం. దానికి కావలసింది పలుగూ పారా మాత్రమే. గోడకి మేలు చేసిన పనుల్లో ఇదే అన్నిటికంటే చవక, ఇదే అన్నిటికంటే పెద్దది. మీ ఊళ్లో ఏ పాత గోడకైనా ముందు ఇది చూడండి.

సున్నం అంత గట్టిగా ఉంటుందా అని ప్రతి చోటా అడుగుతారు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852 నాటికి పూర్తయింది. పోర్ట్‌లాండ్ సిమెంటుకి ఇంగ్లండులో పేటెంటు వచ్చింది 1824లో. అయినా మన దేశంలో సిమెంటు తయారీ మొదలైంది 20వ శతాబ్దంలోనే. కాటన్ దొర, ఆయన పక్కన నిలబడి పని నడిపించిన వీణెం వీరన్నగారు గోదావరికి అడ్డం కట్టింది సున్నంతోనే. 1982లో కొత్త బ్యారేజి పూర్తయ్యేవరకు ఈ డెల్టాకి నీళ్లిచ్చింది ఆ కట్టే. అంత దూరం ఎందుకు, పి.గన్నవరం వెళ్లండి. వైనతేయ పాయ మీద 49 కమానుల పాత అక్విడెక్టు, అంటే కాలువని పాయ మీదుగా దాటించే వంతెన, ఉంది. అది కూడా 1850ల నాటిదే. పక్కనే డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిన కొత్తది ఉంది. రెండూ చూసి రండి. వరదలో మునిగి తేలిన కట్టడాన్ని సున్నం మోసింది, మన సావిడి గోడని మోయలేదా?

అయితే సున్నం గట్టిదనం వేరు, సిమెంటు గట్టిదనం వేరు. మా పెద్దమేస్త్రి డెబ్బై దాటినవాడు. కుర్రతనంలో సున్నాన్ని ఇసకతో నలిపే గానుగ దగ్గర ఎడ్లు తోలిన మనిషి. మొదటి రోజే నాతో అన్నాడు: "అమ్మాయిగారూ, ఇటుక కంటే సున్నం ఓ పిసరు మెత్తగుండాలండి. గోడ కదిలితే సున్నం విడిపోవాలి గానీ ఇటుక పగలకూడదండి. సున్నం రేపు మళ్లీ పెట్టుకుంటాం, ఇటుక ఎక్కణ్ణుంచి తెస్తామండీ?" నేను కాలేజీలో చదివిన పాఠాలన్నీ బలం పెంచడం గురించే. బలం తక్కువగా ఉండటం కూడా ఒక గుణమని ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు. మన నల్లమట్టి నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి నెరెలు విచ్చుతుంది. దానిమీద నిలబడ్డ గోడ ఏటా వెంట్రుకవాసి కదులుతుంది. సున్నం ఆ కదలికని సర్దుకుంటుంది. సన్నటి పగుళ్లయితే వాన నీటితో కరిగిన సున్నమే వాటిలో చేరి మళ్లీ పూడుస్తుంది.

పనికి వరస ఉంది. ముందు కప్పు, తర్వాత నీటి దారి, ఆ తర్వాతే గోడలు. పై నుంచి కారుతుండగా గోడ బాగుచెయ్యడం డబ్బు నీళ్లలో పొయ్యడమే. మేము మిగిలిన కప్పుకి సరుగుడు బాదులతో ఊతం ఇచ్చి, టార్పాలిన్ కట్టి, పడిపోయిన సగంలోంచి పెంకుల్ని ఏరడంతో మొదలుపెట్టాం. వేలితో కొడితే ఖంగుమన్నది మంచి పెంకు, బొంగురుగా మోగింది పగిలినది. సగానికి పైగా మంచివే తేలాయి.

టేకు దూలాలు దాదాపు అన్నీ బాగున్నాయి. గోడలోకి దూరిన కొసలు మాత్రం రెండు మూడు చోట్ల పుచ్చాయి. దూలం మొత్తం మార్చెయ్యమని వడ్రంగి అన్నాడు. ఒప్పుకోలేదు. పుచ్చిన మూరెడు కోసేసి, పాత టేకుతోనే అతుకు వేయించి, చెక్క మేకులు కొట్టించాం. ఇక తాటి వాసాలు. టేకుకి చేవ నడుమ ఉంటుంది. తాడికి తిరగ: గట్టిదంతా చుట్టూ, బెరడు వైపు ఉంటుంది, నడుమ ఒట్టి బెండు. మొదలు వైపు గట్టి, తల వైపు పలచన. కాబట్టి ముదురు తాడి మొదటి భాగమే తీసుకోవాలి. నల్లటి ఈనె దగ్గర దగ్గరగా ఉన్న పట్టెనే ఉంచి బెండు చెక్కెయ్యాలి. లేత తాడితో చేసిన వాసం చూడ్డానికి నున్నగా ఉంటుంది, పురుగు పడితే ఎక్కువ కాలం ఉండదు. చెక్కిన పట్టెల్ని కాలువలో కొన్ని వారాలు నానేశాం. పురుగుకి కావలసిన పిండిపదార్థం నీళ్లలో పోతుంది. నీడలో ఆరాక జీడిపిక్కల పెంకు నూనె పట్టించాం. మన మోరి వైపు జీడిపప్పు తీసేవాళ్ల దగ్గర దొరుకుతుంది, పడవలకి పూసేది అదే. ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతాయి, చేతులకి తొడుగులు లేకుండా ఎవర్నీ ముట్టనివ్వకండి.

1996 నవంబరు తుపాను గుర్తున్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. ఆ రాత్రి కొబ్బరి చెట్లతో పాటు కప్పులెన్ని పోయాయో చూశారు. గాలి కప్పుని కిందికి తొక్కడం కంటే పైకి లేపడమే ఎక్కువ చేస్తుంది. ముక్కోణపు గోడలున్న రెండు వాలుల కప్పు కంటే నాలుగు వైపులా వాలు ఉన్న కప్పు గాలికి బాగా ఆగుతుంది. తీరం వెంబడి చుట్టిళ్లు, అంటే గుండ్రటి ఇళ్లు, కట్టుకున్నది కూడా ఇందుకే. ఈ సావిడికి నాలుగు వాలులే ఉన్నాయి, వసారా కప్పు విడిగా కట్టి ఉంది. వసారా ఎగిరిపోయినా అసలు కప్పు దానితో పాటు లేవదు. ఆ పద్ధతి అలాగే ఉంచాం. వాసాల్ని దూలాలకి కొబ్బరి పీచు తాడుతో కట్టాం, ప్రతి మూడో వాసానికి మాత్రం తుప్పు పట్టని ఇనప పట్టీ కూడా బిగించాం. పాత పద్ధతి అన్నాక ఇనప పట్టీ ఏమిటని ఒకాయన అడిగారు. నాకు పాతదనం మీద మొక్కు లేదండి. కట్టడానికి హాని చెయ్యనిది, అవసరమైతే విప్పి తీసెయ్యగలిగేది ఏదైనా వాడతాను. సిమెంటుతో నా పేచీ అక్కడే, ఒకసారి పట్టుకుంటే ఇటుకని తీసుకునే వదులుతుంది.

రావి మొక్క సంగతి. పైన నరికితే లాభం లేదు, గోడలో వేరు ఉన్నంతకాలం చిగురిస్తూనే ఉంటుంది. రావిని కొట్టడానికి కూలీలు ఒప్పుకోలేదు, నేనూ బలవంతపెట్టలేదు. ఇటుకలు ఒక్కొక్కటీ విప్పి, వేళ్లు వీలైనంత తెగకుండా తీసి, కాలువ గట్టు మీద పాతాం. బతికింది. సున్నపు కట్టుబడి కాబట్టి ఇటుకలు విరక్కుండా వచ్చాయి. గీకి శుభ్రం చేసి అదే గోడలో మళ్లీ పెట్టాం. సిమెంటు గోడైతే ఇటుక ముక్కలు మిగిలేవి.

ఇప్పుడు సున్నం. మేస్త్రులు ఎదురుచూస్తున్నది దీనికోసమే అనుకుంటాను.

ముందు పాత సున్నం ఏమిటో తెలుసుకోవాలి. గోడ లోపలి నుంచి పిడికెడు గార, అంటే ఇటుకల మధ్య పెట్టిన సున్నం-ఇసక ముద్ద, తీసి, పొడిచేసి, గాజు గ్లాసులో వేసి, పల్చటి యాసిడ్ పోస్తే సున్నం బుసబుస పొంగి కరిగిపోతుంది. అడుగున ఇసకా ఇటుక పొడీ మిగులుతాయి. ముందూ తర్వాతా తూచుకుంటే పాళ్లు తెలుస్తాయి. మాకు దరిదాపుగా ఒక పాలు సున్నానికి రెండున్నర పాళ్లు ఇసక, ఇటుక పొడి కలిపి అని తేలింది. గుల్లలు కాల్చినదైతే కాలకుండా మిగిలిన గుల్ల ముక్కలు గారలో కంటికే కనిపిస్తాయి.

గుల్ల సున్నం కాల్చే బట్టీలు మా చుట్టుపక్కల దొరకలేదు. పిడుగురాళ్ల నుంచి కాల్చిన రాయి సున్నం తెప్పించాం. షాపులో సంచిలో దొరికే పొడిసున్నం వెల్లకి సరే గానీ గారకి వద్దు. ఎన్నాళ్ల నుంచి గాలి తగులుతూ ఉందో తెలియదు, చాలావరకు దాని బలం చచ్చిపోయి ఉంటుంది. రాయి సున్నం లారీలో ఉండగా వాన తగలకూడదు, నిప్పు పుట్టేంత వేడెక్కుతుంది. గుంత తవ్వి, ఇటుకతో అంచు కట్టి, ముందు నీళ్లు నింపి, ఆ నీళ్లలోకి సున్నం కొంచెం కొంచెంగా వెయ్యాలి. సున్నం మీద నీళ్లు పొయ్యకూడదు, చిమ్ముతుంది. వేసిన మొదటి నిమిషం ఏమీ జరగదు. రాయి కిందికి వెళ్లి కూర్చుంటుంది. తర్వాత సన్నగా చిటపట, రాయి అంచులు విచ్చుకుంటాయి, ఉన్నట్టుండి గుంత మొత్తం తుకతుక ఉడకడం మొదలెడుతుంది. ఆవిరికి అవతలి మనిషి కనపడడు. పొడుగాటి కర్రతో ఆగకుండా కలపాలి. కళ్లకి అద్దాలు, కాళ్లకి బూట్లు తప్పనిసరి. కంట్లో పడితే చూపు పోతుంది, అప్పటికప్పుడు మంచినీళ్లతో కడుగుతూ ఆస్పత్రికి పరుగెత్తాలి. పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకండి.

ఉడికి చల్లారిన సున్నాన్ని జల్లెడ పట్టి, పైన జానెడు నీళ్లు నిలిపి, నెలకి తగ్గకుండా నిలవ ఉంచాలి. ఎంత మాగితే అంత వెన్న. తాపీకి అంటుకుని సాగేలా ఉండాలి. తర్వాత గానుగ. ఎడ్లు, రాతి చక్రం ఇప్పుడెక్కడ? మేము రోలర్లున్న పాన్ మిక్సర్ అద్దెకి తెచ్చాం, పని బాగానే చేసింది. కాంక్రీటు కలిపే డ్రమ్ము మాత్రం దీనికి పనికిరాదు. సున్నాన్ని ఇసకతో కలపడం ఒక్కటే చాలదు, నలగాలి. ఇసక గోదావరిదే, గరుకైనది. సముద్రపు ఇసక ముట్టుకోవద్దు. ఇటుక పొడి తక్కువ కాలిన ఇటుకది అయితే సున్నంతో బాగా కలిసి తడిలో కూడా గట్టిపడుతుంది. నేల దగ్గరి వరసలకి అది ఎక్కువ వేశాం. మన మిల్లుల ఊక బూడిద కూడా ఇదే పని చేస్తుంది. అయితే మితమైన వేడి మీద కాలిన బూడిద కావాలి. బట్టీలో మరీ ఎర్రగా మండిపోయిన బూడిదకి ఆ చురుకు ఉండదు.

కరక్కాయ, బెల్లం గురించి లేనిపోని గొప్పలు చాలా విన్నాను. అవి మంత్రాలు కావు. కరక్కాయలు దంచి బెల్లంతో కలిపి నానేసి, పులిసిన నీళ్లు వడకట్టి గారలో పోస్తే తక్కువ నీళ్లతోనే గార జారుడుగా వస్తుంది. నీళ్లు తగ్గితే ఆరాక నెరెలు తగ్గుతాయి. మన ఎండలకి గార గబుక్కున బిగిసిపోకుండా కూడా కాస్త ఆపుతుంది. బెల్లం ఎక్కువైతే గట్టిపడటమే ఆలస్యమవుతుంది, చీమలు పడతాయి. చిన్న పలక మీద పూసి చూసుకుని, ఆ తర్వాతే గోడ మీదికి వెళ్లాలి.

పుయ్యడానికి ముందు గోడని బాగా తడపాలి. ఒక్కో పొర అర అంగుళం మించకూడదు. పొరకీ పొరకీ మధ్య వారం పైనే ఆగాలి. సిమెంటు నీటితో గట్టిపడుతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది, నెలకి ఓ మిల్లీమీటరు చొప్పున అని మోటు లెక్క. ఆ మార్పుకి కాస్త తడీ కావాలి, గాలీ కావాలి. అందుకే తడి గోనెలు వేలాడదీసి రోజూ చిలకరించాం. కార్తీకం దాటి వానలు వెనకబట్టాక మొదలుపెట్టి, ఎండలు ముదిరేలోపు ముగించడం మంచిది. ఉప్పు బాగా పట్టిన కింది భాగానికి మొదటి పూత రాలిపోతుందని తెలిసే వేశాం. అది ఉప్పుని లాగేసుకుంది, గీకి దూరంగా పారబోసి రెండోది వేశాం. పైన సున్నమే వెల్ల, పల్చగా నాలుగైదు చేతులు. ఇంత చేసి చివర్లో ప్లాస్టిక్ పెయింటు వేశారంటే మళ్లీ దారి మూసినట్టే.

నేల పని తేలిక. ఒండ్రు మట్టి, ఇసక, వరిపొట్టు కలిపి దిమ్మిసతో కొట్టి అలికాం. గొడ్లు కట్టేచోట నిలువు ఇటుక పరిచి, మూత్రం నిలవకుండా బయటికి వాలు ఇచ్చాం. మావయ్యకి మళ్లీ రెండు గేదెలున్నాయి, కొట్టుగదిలో విత్తనాలు నిలవ ఉంటున్నాయి. సావిడికి పని ఉంటేనే లోపలికి మనిషి వెళ్తాడు, మనిషి వెళ్తేనే పెంకు జరిగిందని తెలుస్తుంది.

ఖర్చు అడుగుతారని తెలుసు. సామాను ఖర్చు సిమెంటు పని కంటే తక్కువే, కూలి ఎక్కువ, కాలం చాలా ఎక్కువ. అయితే ఆ కూలి డబ్బు ఊళ్లోనే ఉంటుంది. త్వరగా అవ్వాలంటే ఈ పని పెట్టుకోకండి. కొత్తగా స్లాబు ఇల్లు కట్టుకునేవాళ్లని సిమెంటు మానెయ్యమని కూడా నేను అనడం లేదు, దాని చోటు దానికి ఉంది. సున్నంతో పుట్టిన గోడకి సున్నమే పెట్టమంటున్నాను. నా అసలు భయం డబ్బు గురించి కాదు, చేతుల గురించి. గార నలిగిందో లేదో వేళ్ల మధ్య రుద్ది చెప్పగలిగే మేస్త్రులు ప్రతి మండలంలో ఒకరిద్దరు మిగిలి ఉంటారు, వాళ్లంతా పెద్దవాళ్లే. పాలిటెక్నిక్ పిల్లలకి పుస్తకంలో సున్నం ఒక పేజీ ఉంటుందేమో. పేజీ చదివితే వచ్చే పని కాదు.

ఉత్తరపు గోడ కింది భాగం ఇంకా మిగిలే ఉంది. ఈసారి కాలువలు కట్టేశాక ఊట దిగగానే పాడైన ఇటుకలు మూడు మూడు అడుగుల చొప్పున విప్పి మళ్లీ కట్టబోతున్నాం. సున్నం ఇప్పటికే గుంతలో మాగుతోంది. నేర్చుకోవాలనుకున్న పిల్లలు, సున్నం పని చెయ్యాలనుకున్న కుర్ర మేస్త్రులు పేర్లు ఇచ్చి వెళ్లండి. కూలి ఇస్తాం, పెద్దమేస్త్రి పక్కన నిలబెడతాం. మీ ఇంట్లో పాత సావిడి ఉన్నవాళ్లు ఇవాళ ఇంటికెళ్లాక గోడ పక్కన వీధి మట్టం ఎంతుందో, లోపల పెంకుల్లోంచి వెలుతురు ఎక్కడ పడుతోందో చూసి రాసి పెట్టుకోండి. వీలైనన్ని చోట్లకి నేనూ మేస్త్రీ వచ్చి చూస్తాం. అప్పటిదాకా ఎవరొచ్చి అడిగినా దూలాలు మాత్రం అమ్మకండి. నమస్కారం.